పాత కారుకు తగిన విలువ: బీమా పత్రంలో గమనించవలసిన అంకె

కారు వయస్సు పన్నెండేళ్లు. మొదటి నుంచి ఒకే యజమాని చేతిలో నడిచింది. సర్వీసు బిల్లులన్నీ భద్రంగా ఉన్నాయి, రంగు చెదరలేదు. బజారులో విచారిస్తే రెండున్నర లక్షలు పలుకుతుంది. అయినా బీమా పునరుద్ధరణ నోటీసులో దాని విలువ లక్షా పదివేలని ఉంటుంది. ప్రీమియం తగ్గిందన్న సంతోషంతో యజమాని సొమ్ము కట్టివేస్తాడు. ఆ అంకెకు అర్థమేమిటో ప్రమాదం జరిగిన తరువాత గాని తెలిసిరాదు.

ఆ అంకెను ఐ.డి.వి. అంటారు, బీమా నిమిత్తం ప్రకటించిన విలువ అని దాని భావం. కారు దొంగల పాలైనా, బాగుచేయ వీలుకానంతగా దెబ్బతిన్నా సంస్థ చెల్లించే గరిష్ఠ మొత్తం అదే. ఐదేళ్ల లోపు కార్లకు తయారీదారు ధరలో నిర్ణీత తరుగు తీసివేసి దీనిని లెక్కిస్తారు. తొలి ఆరు నెలలలో తరుగు 5 శాతం. ఐదో ఏటికి అది 50 శాతానికి చేరుతుంది. ఐదేళ్లు దాటిన కారుకు ఆ పట్టిక లేదు. దాని విలువ యజమాని, సంస్థ పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవలసినది. నోటీసులో అచ్చయిన అంకె సంస్థ చేసిన ప్రతిపాదన మాత్రమే.

విలువ తక్కువైతే దొంగతనం జరిగినప్పుడు నష్టమని ఎవరికైనా తోస్తుంది. అంత సులభంగా కనబడని చిక్కు మరొకటి ఉంది. పాలసీ షరతుల మేరకు లెక్కించిన మరమ్మతు వ్యయం ఐ.డి.వి.లో 75 శాతం మించితే కారును పూర్తి నష్టంగా పరిగణిస్తారు. లక్షా పదివేలకు ఆ హద్దు 82,500 రూపాయలు. కారు ముందు భాగం దెబ్బతిని, వ్యయం 90,000 అని తేలిందనుకుందాం. చక్కగా బాగుపడగల కారు కాగితం మీద తుక్కయిపోతుంది. చేతికందే సొమ్ముతో అటువంటి కారు మరొకటి దొరకదు. ఐ.డి.వి. రెండున్నర లక్షలై ఉంటే హద్దు 1,87,500. కారు మరమ్మతు చేయించుకుని ఇల్లు చేరేది.

ఇందుకు అయ్యే అదనపు ఖర్చు ఎంత? సొంత నష్టపు ప్రీమియం విలువలో 3 శాతమనుకుంటే, పెరిగిన లక్షా నలభై వేలకు 4,200 రూపాయలు, పన్ను అదనం. ఐదేళ్లు క్లెయిము లేక 50 శాతం బోనస్ ఉన్నవారికి అందులో సగమే. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది గనుక మారదు.

అయితే విలువ సరిగా రాయించినంత మాత్రాన మరమ్మతు బిల్లు మొత్తం రాదు. పదేళ్లు దాటిన కారు లోహపు భాగాలకు, ఏ కారుకైనా రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, బ్యాటరీకి సగం ధరే లభిస్తుంది. అద్దాలకు కోత లేదు. ఈ కోతను తప్పించే అదనపు రక్షణ పాత కార్లకు దొరకడం అరుదు.

గడువుకు నెల ముందే సంస్థకు లిఖితపూర్వకంగా విలువ పెంచమని కోరడం మేలు. సర్వీసు బిల్లులు, కొత్త టైర్ల రశీదులు, మీటరు రీడింగుతో ఫోటోలు, అదే మోడల్, అదే సంవత్సరపు కార్ల అమ్మకపు ప్రకటనలు జతచేయాలి. అవసరమైతే లైసెన్సు పొందిన సర్వేయరు చేత విలువ కట్టించవచ్చు. ఒక సంస్థ అంగీకరించకపోతే మరొక సంస్థను అడగవచ్చు. ఏజెంటు నోటిమాట చెల్లదు. పాలసీలో అచ్చయినదే లెక్క. బేరం సాగుతున్నదని గడువు దాటనీయరాదు. దాటితే మళ్లీ తనిఖీ తప్పదు, 90 రోజులు మించితే బోనస్ పోతుంది.

విజయవాడలోనో వరంగల్లులోనో కొన్న కారును బెంగళూరుకో పుణేకో తెచ్చుకున్నవారు మరికొంత జాగ్రత్త పడాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచిన కారుకు అక్కడి రిజిస్ట్రేషన్ పొందాలి. 15 ఏళ్లకు ఆర్.సి. పునరుద్ధరించాలి. చిరునామా మార్పు బీమా సంస్థకు తెలపాలి. ఈ లోపాలే క్లెయిము వేళ అభ్యంతరాలుగా ఎదురవుతాయి.

క్లెయిము విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే ముందుగా సంస్థకే రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు. బెంగళూరు, చెన్నై, భువనేశ్వర్, ముంబై, పుణేలలో ఈ కార్యాలయాలున్నాయి; యానాం మాత్రం హైదరాబాదు పరిధిలోనిది. కాని తాను అంగీకరించి కట్టిన పాలసీలోని విలువ తక్కువని ప్రమాదం జరిగిన తరువాత వాదిస్తే నెగ్గడం కష్టం.