శిడ్లఘట్ట సీమలో మరణశాసన నిర్వాహకుని కొఱకు పత్రములను కూర్చి యుంచుట

శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురము తాలూకాలలోని తెలుగువాడు ఇంటిలో ఒక భాషయందును, తాలూకా కచేరిలో వేఱొక భాషయందును, బ్యాంకులో మూడవ భాషయందును జీవించుచున్నాడు. బ్రతికియున్నంతవఱకు దీనివలన అతనికి పెద్ద చిక్కు లేదు. పహణిలోని వెంకటరమణప్పయు, బ్యాంకు పుస్తకములోని వి. వెంకటరమణయు, పెండ్లిపత్రికలో ఇంటిపేరుతో అచ్చైన వెంకటరమణయ్యయు తానేయని అతడు నోటితో చెప్పిన చాలును. చెప్పుటకు మనిషి ఎదుట నిలిచియున్నాడు. అతడు గతించిన మఱునాడు ఆ ముగ్గురును ఒక్కడేయని ఋజువు చేయవలసిన భారము మఱియొకరిపై పడును. ఆ మఱియొకరినే ధర్మశాస్త్రజ్ఞులు మరణశాసన నిర్వాహకుడని వ్యవహరింతురు.

మరణశాసనమునకు మనవారు వాడు ‘వీలునామా’ అను మాట చిత్రమైనది. ఇంగ్లీషు ‘విల్లు’నకు పారసీ ‘నామా’ను తగిలించి చేసికొన్న మాట అది. కన్నడమున దానినే ‘ఉయిలు’ అందురు. ఉయిలులో పేర్కొనబడిన నిర్వాహకునకు, 1925 నాటి భారత వారసత్వ చట్టము ననుసరించి, మృతుని ఆస్తి వశమగును. అప్పులను తీర్చి, రావలసినవి రాబట్టి, శాసనములో వ్రాసిన రీతిగా పంచిపెట్టుట అతని విధి. ఉయిలు లేనిచో హిందువుల విషయమున 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము వారసులు నిర్ణయింపబడుదురు. అప్పుడు నిర్వాహకుడు అను పేరు ఎవరికిని ఉండదు గాని, ఆ పని మాత్రము ఇంటి పెద్దకొడుకో కూతురో చేయక తప్పదు. కావున క్రింద చెప్పబోవునది ఉయిలు వ్రాసినవారికిని వ్రాయనివారికిని సమానముగనే వర్తించును.

మొదట పేరును గూర్చి. ఆంధ్రదేశమున పేరునకు ముందుండు అక్షరము సాధారణముగా ఇంటిపేరును సూచించును. మైసూరు సీమలో అదే అక్షరము ఊరిపేరునకో తండ్రిపేరునకో గుర్తు. శిడ్లఘట్టలో ‘ఎస్.’ అని వ్రాసికొన్నవాని ఇంటిపేరు ఏమోయని వెదకిన దొరకదు, అది ఊరిపేరు కావచ్చును. ఇంటిపేరు పెండ్లిసంబంధములలోను, గోత్రప్రవరలలోను నిలిచినదే కాని రెవెన్యూ లెక్కలలో అనేకులకు ఎక్కనే లేదు. స్త్రీల విషయము మఱింత చిక్కు. పుట్టినింట తండ్రిపేరుతో బడిలో చేరిన ఆమె, మెట్టినింట భర్తపేరుతో ఓటరు పట్టికకు ఎక్కును. హిందూపురమునుండియో మదనపల్లెనుండియో వచ్చిన కోడలికి ఒక పత్రము తెలుగులోను, తక్కినవి కన్నడములోను ఉండును. కనుక ప్రతి పత్రములో తన పేరు ఏ విధముగా ఉన్నదో, ఏ లిపిలో ఉన్నదో, ఆ విధముగనే చూచి వ్రాసి, ఇవన్నియు తన పేర్లేయని సంతకము చేసిన ఒక కాగితము తక్కిన కాగితములన్నిటికంటె ముందు ఉండవలెను. సవరింపగలిగినవానిని బ్రతికియుండగనే సవరించుకొనుట ఇంకను మేలు. ఒక్క అర్జీతో తీరు పని అనంతరము నలుగురు వారసుల ప్రమాణపత్రములను కోరును.

రెండవది భూమి. ఒకప్పుడు గ్రామ లెక్కలు శానుభోగుని చేతిలో నుండెడివి. ఏ పొలము ఎవరిదో, ఎవరికి ఎవరు వారసులో అతడు ఎఱిగియుండెను. 1961 నాటి గ్రామాధికార పదవుల రద్దు చట్టముతో ఆ వంశపారంపర్యపు ఉద్యోగము పోయినది. 2000 సంవత్సర ప్రాంతమున ఆరంభమైన ‘భూమి’ పథకముతో పహణి కంప్యూటరు కెక్కినది. కంప్యూటరు పేరునే ఎఱుగును, మనిషిని ఎఱుగదు. తండ్రి మరణించి ఇరువది ఏండ్లైనను ఖాతా తండ్రిపేరనే నిలిచియున్న కుటుంబములు ఈ తాలూకాలలో అరుదు కావు. మృతుని పేరనుండి వారసుల పేరునకు ఖాతా మార్చుటను ‘పౌతి ఖాతా’ అందురు. ఈ పౌతి, మరణమను అర్థముగల ‘ఫౌతీ’ యను పరభాషాపదమే. 1964 నాటి భూకందాయ చట్టము ప్రకారము, వారసత్వముచే హక్కు పొందినవారు 3 నెలలలో ఆ సంగతిని అధికారులకు తెలుపవలెను. ఈ గడువు మన ఇండ్లలో సంవత్సరీకముల సందడిలోనో అన్నదమ్ముల మాటపట్టింపులలోనో మఱుగునపడును. ఇట్లు నిలిచిపోయిన ఖాతాలను మార్చుటకు రాష్ట్ర రెవెన్యూశాఖ 2025లో ఇ-పౌతి యను ప్రత్యేక కార్యక్రమమునే చేపట్టవలసివచ్చినది.

పౌతి ఖాతాకు మరణ ధ్రువపత్రమును, ‘వంశవృక్ష’ మను కుటుంబ పట్టికయు ముఖ్యములు. మరణమును 21 దినములలో నమోదు చేయింపవలెనని 1969 నాటి చట్టము ననుసరించిన నియమము. వంశవృక్షములో కూతుళ్ళ పేర్లను విడిచిపెట్టుట కొన్ని ఇండ్లలో ఆచారమువలె సాగుచున్నది. ఇది తప్పు మాత్రమే కాదు, తెలివితక్కువ కూడ. కర్ణాటకము 1994లోనే కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొంత హక్కు నిచ్చినది. 2005లో కేంద్రచట్టము దానిని విస్తరించినది. తండ్రి 2005 నాటికి జీవించియున్నను లేకున్నను కూతురి హక్కు పుట్టుకతోనే వచ్చునని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పినది. దాచిన పేరు ఏనాడో ఒకనాడు దావాగా తిరిగివచ్చి, అప్పటికి జరిగిన పంపకముల నన్నిటిని కదలించును. తండ్రి తన చేతితో, తన సంతానమందఱి పేర్లను, పుట్టిన సంవత్సరములతో వ్రాసియుంచినచో, ఎవరి పేరును మఱుగుపఱచుటకు ఎవరికిని ధైర్యము చాలదు.

భూమికి సంబంధించిన పాత కాగితములను ‘ఇప్పుడు కంప్యూటరులో ఉన్నది గదా’ యని పారవేయరాదు. ప్రభుత్వము భూమి నిచ్చినప్పటి సాగువళి చీటీ, 1974 తరువాత కౌలుదార్లు భూన్యాయమండలియెదుట పెట్టుకొన్న ఫారము 7, హక్కు స్థిరపడిన పిదప పొందిన ఫారము 10, అన్నదమ్ముల పాలుపట్టీ — ఇవి లేక పహణిలోని పేరునకు మూలము చూపుట కష్టము. 2007 వఱకు ఈ తాలూకాలన్నియు కోలారు జిల్లాలోనివి. కాబట్టి పాత క్రయపత్రములో కోలారు జిల్లాయనియు, క్రొత్త పహణిలో చిక్కబళ్ళాపురము జిల్లాయనియు ఉండును. దూరదేశమున పెరిగిన మనుమడు ఇవి రెండు వేర్వేరు భూములని భ్రమపడుటకు అవకాశము గలదు.

సరిహద్దునకు ఇరువైపుల భూములున్న కుటుంబములకు కొలతయే ఒక ఉచ్చు. ఇక్కడ ఎకరమునకు 40 గుంటలు. ఆంధ్రప్రదేశమున ఎకరమునకు 100 సెంట్లు. ‘2-20’ అని పహణిలో ఉన్నది రెండెకరముల ఇరువది గుంటలు, అనగా రెండున్నర ఎకరములు. దానినే సెంట్లుగా చదివినవాడు 30 సెంట్ల భూమిని కలము కదలింపకయే పోగొట్టుకొనును. ఆ వైపు పట్టాదారు పాసుపుస్తకము, అడంగలు. ఈ వైపు పహణి, ఖాతా. ఏ సర్వే నంబరు ఏ రాష్ట్రములోనిదో, ఏ కచేరికి పోవలెనో స్పష్టముగా వ్రాయవలెను.

ఇక పట్టు వ్యవహారము. రామనగరముతోపాటు పేరెన్నికగన్న పట్టుగూళ్ళ మార్కెట్టు శిడ్లఘట్టది. గూళ్ళు మార్కెట్టులో వేలము ద్వారా అమ్ముడగును గనుక ఆ లెక్క కొంతవఱకు దొరకును. దొరకనివి చేబదుళ్ళు, చీటీలు, పురుగుల కాలములో ఆకు కొఱకు ఇచ్చిపుచ్చుకొన్నవి. ఇవి తఱచుగా చిన్న నోటుపుస్తకములో, వ్రాసినవానికి మాత్రమే తెలియు గుర్తులతో ఉండును. అడిగినప్పుడు చెల్లింపవలసిన ప్రామిసరీ నోటునకు, మధ్య చెల్లుగాని ఒప్పుదలగాని లేనిచో, వ్రాసిన నాటినుండి 3 సంవత్సరములే గడువు. యజమాని మరణించిన ఏడాదికి పెట్టె అడుగున నోటు కనబడి, అప్పటికే కాలదోషము పట్టియుండుట కంటె దుఃఖకరమైనది లేదు. ఈయవలసిన అప్పులను గూడ అంత నిజాయితీతో వ్రాయవలెను. పసిడి తాకట్టు రసీదు దొరకక వేలములో పోయిన నగ కోడలి పుట్టింటిదైనచో, ఆ మాట ఇంటిలో తరములవఱకు వినబడుచుండును.

బ్యాంకును గూర్చి ఒక అపోహ ప్రబలి యున్నది. నామినీయే యజమాని యని పలువురు తలంతురు. డిపాజిట్టు విషయమున నామినీ సొమ్మును అందుకొనువాడు మాత్రమే. అది చేరవలసినది వారసులకో, ఉయిలులో చెప్పినవారికో. ఐనను నామినీ లేనిచో సొమ్ము చేతికి వచ్చుటకే జాప్యమగును. 2025 నవంబరు 1 నుండి ఒక ఖాతాకు నలుగురు నామినీలవఱకు పెట్టుకొను వీలు కలిగినది. పదేండ్లు ఎవరును అడుగని డిపాజిట్టులు, 2014లో ఏర్పడిన నియమము ననుసరించి రిజర్వు బ్యాంకు నిధికి చేరును. ఆ తరువాతను వారసులు బ్యాంకుద్వారా కోరవచ్చును. అట్టి ఖాతాలను వెదకుటకు ‘ఉద్గం’ అను సాధనము 2023లో వచ్చినది. కాని వెదకుటకును పేరు సరిగా తెలియవలెను. మళ్ళీ మొదటి చిక్కే. మరణానంతరము మృతుని ఏటీఎం కార్డుతో సొమ్ము తీయుట దగ్గఱిదారివలె తోచును గాని, అది ఇతర వారసులయెదుట లెక్క చెప్పుకొనవలసిన అపరాధమగును.

ఉయిలునకు స్టాంపుకాగితము అక్కఱలేదు. వ్రాసినవాడు సంతకమో వేలిముద్రయో వేయవలెను. ఇద్దఱు సాక్షులు ధ్రువీకరింపవలెను. సాక్షులు వ్రాసినవానికంటె చిన్నవారైనచో మంచిది, ఏలయన కోర్టులో ఉయిలు ఋజువు చేయునప్పుడు బ్రతికియున్న సాక్షి ఒక్కడైనను పలుకవలెను. రిజిస్టరు చేయించుట ఐచ్ఛికము. చేయించిన అనుమానములు తగ్గును. మూసిముద్రించిన కవరులో జిల్లా రిజిస్ట్రారువద్ద భద్రపఱచు పద్ధతియు 1908 నాటి చట్టములోనే గలదు, దానిని వినియోగించుకొనువారు మాత్రము తక్కువ. భాష విషయమున సందేహ మక్కఱలేదు, తెలుగులో వ్రాసిన ఉయిలును చెల్లును. కైవారము తాతయ్యగారి తెలుగు కీర్తనలను కన్నడలిపిలో చదివికొను సీమ యిది. తెలుగుమాటలను కన్నడ అక్షరములతో వ్రాసినను దోషము లేదు. ఐనను చదువవలసిన అధికారి సౌకర్యమునకై కన్నడ ప్రతి నొకదానిని జతపఱచుట వివేకము. శిడ్లఘట్టవంటి చోట హిందువుల ఉయిలునకు ప్రొబేటు తప్పనిసరి కాదు.

అన్నిటికంటె పెద్ద పొరపాటు, ఉయిలును తన ఒక్కని పేరనున్న బ్యాంకు లాకరులో ఉంచుట. లాకరు తెఱచుటకు ఉయిలు కావలెను, ఉయిలు తీయుటకు లాకరు తెఱవవలెను.

కావలసినది రెండు మూడు పుటల పట్టిక. అందు పేర్ల కాగితము, సంతానము వివరము, భూములు, ఖాతాలు, బీమా, అప్పులు, రావలసినవి, ఏ మూలపత్రము ఏ పెట్టెలో ఉన్నదో — ఇంతే. ఇది ఉయిలు కాదు. ఎవరికి ఏమి చెందవలెనో ఇందు వ్రాయరాదు, వ్రాసినచో ఉయిలుతో తగవు వచ్చును. రహస్యసంకేతములను పట్టికలో వ్రాయక వేఱు కవరులో మూసియుంచవలెను. మృతుని మొబైలు నంబరును బ్యాంకుపనులు తీఱువఱకు రద్దు చేయింపరాదని నిర్వాహకునకు ముందే చెప్పవలెను. ఒక ప్రతి ఇంటిలో, మఱియొకటి నిర్వాహకునివద్ద ఉండవలెను. అతడు బెంగళూరులోనో విదేశములోనో ఉన్నచో, పెట్టె తాళపుచెవి ఊరిలో ఎవరివద్ద నున్నదో కూడ అందు వ్రాయవలెను. ప్రతి ఉగాదికి క్రొత్త లెక్కలు తెఱచునప్పుడే ఈ పట్టికను తిరిగి చూచి, మార్పులు చేసి, తేదీ వేసి సంతకము చేసి, పాత ప్రతులను రెండింటిని చింపివేయవలెను.