మైకు కంటే ముందు గది

మా ఆఫీసు పాడ్‌కాస్ట్ కోసం మొదట కండెన్సర్ మైకు కొన్నాను. అద్దాల మీటింగు రూములో ఏసీ హోరు, పక్క సీటు కీబోర్డు టకటక కూడా మాటలతోపాటే రికార్డయ్యాయి. సందడి ఉన్నచోట డైనమిక్ మైకే మేలు. నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుంటే దగ్గరి గొంతునే బాగా పట్టుకుంటుంది. శాంసన్ క్యూ2యూ లాంటిదైతే యూఎస్‌బీతో నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించవచ్చు. రేపు మిక్సర్ కొన్నా ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో అదే మైకు పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్‌కు పైసా పెట్టక్కర్లేదు. 2000లో విడుదలైన ఆడాసిటీ ఇప్పటికీ ఉచితమే. రికార్డింగు మొదట్లో 10 సెకన్లు ఎవరూ మాట్లాడకండి. ఆ ఉత్త హోరును నమూనాగా చూపిస్తే, ఆడాసిటీలోని నాయిస్ రిడక్షన్ మిగతాచోట్ల దాన్ని తగ్గిస్తుంది. గోడల ప్రతిధ్వని మాత్రం దానికి లొంగదు. అందుకే ఇప్పుడు స్టోరు గదిలో, పాత ఫైళ్ల అరల మధ్య, వెనక దుప్పటి వేలాడదీసి మాట్లాడుకుంటున్నాం.