జిగటతో బొమ్మలేసిన మన కృష్ణారెడ్డి

పూర్ణా మార్కెట్‌లో నూనె కొట్టు దగ్గర ఎప్పుడైనా గమనించారా? కొబ్బరి నూనె చటుక్కున పడుతుంది, ఆముదం మెల్లగా జారుతుంది. ఇంజినీరింగ్‌లో దీన్నే విస్కాసిటీ అని చదివి, పరీక్ష రాసి మర్చిపోయాం. 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి మాత్రం దానితోనే బొమ్మలు చేశారు.

శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ నడిపే అటెలియర్ 17 అనే ప్రింట్ స్టూడియోలో చేరారాయన. రంగుల ప్రింటంటే మామూలుగా రంగుకో ప్లేటు కావాలి. అక్కడ సహచరులతో కలిసి ఆయన ఒక్క ప్లేటుతోనే అన్ని రంగులూ తెచ్చారు. కిటుకేంటంటే, నూనె ఎక్కువున్న పల్చటి రంగు మీద చిక్కటి రంగు అంటదు. అందుకే ప్లేటును ఎత్తుపల్లాలుగా చెక్కి, గట్టి రోలరుతో పైభాగానికి పల్చటి రంగు, మెత్తటి రోలరుతో లోతులకు చిక్కటి రంగు పట్టిస్తారు.

శైలి కూడా మారుతూ వచ్చింది. 1952లో పురుగు, చేప మీద పనిచేసిన ఆయన, 1963 నాటి ‘వర్ల్‌పూల్’కి వచ్చేసరికి నీటి సుడి తిరిగే వేగాన్నే పట్టుకున్నారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

చదువా, బొమ్మలా, ఏదో ఒకటి తేల్చుకో అని ఇంట్లో అంటున్నారా? కంగారుపడి స్కెచ్‌బుక్ అటకెక్కించకండి. క్లాసులో నేర్చుకున్నది బొమ్మలోకి ఎలా వస్తుందో ముందు ఒకసారి ప్రయత్నించి చూడండి.