మోకాలి లిగమెంటు ఆపరేషన్ తర్వాత ఇంటివారు తెలుసుకోవలసిన విషయాలు

ఆపరేషన్ అయిపోయింది, ఇక అంతా మంచమే అని చాలామంది అనుకుంటారు. కాని మోకాలు తిరిగి పనిచేయడమనేది ఆపరేషన్ ఎంత బాగా జరిగిందన్న దానితోపాటు, ఇంటి దగ్గర మొదటి వారాలు ఎలా గడిచాయన్న దానిపై కూడా ఆధారపడి ఉంటుంది.

కబడ్డీ ఆడుతూనో, బండి మీద నుండి పడో మోకాలు మెలిపడినప్పుడు లోపల ఉండే ముందు క్రూసియేట్ లిగమెంటు తెగిపోవచ్చు. దాని స్థానంలో రోగి శరీరం నుండే, తరచుగా తొడ వెనుక నుండి, ఒక స్నాయువును తీసి ఎముకల్లో అమర్చుతారు.

మొదటి రెండు వారాలు

వాపు తగ్గాలి, మోకాలు పూర్తిగా చాపగలగాలి. పడుకున్నప్పుడు కాలును ఎత్తులో ఉంచండి. నొప్పి చూడలేక మోకాలి కింద దిండు పెట్టకండి. మోకాలు వంగినట్లే బిగుసుకుపోయి కుంటినడక మిగలవచ్చు. దిండు మడమ కింద పెట్టాలి. ఐసును గుడ్డలో చుట్టి, ఒక్కోసారి 15-20 నిమిషాలు పెట్టండి.

పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, తొడ కండరాన్ని 5 సెకన్లు బిగించి వదలడం మొదట్లోనే నేర్పుతారు. వీటిని రోజుకు చాలాసార్లు చేయించండి. మోకాలు ఎంత వంచాలో, కాలి మీద ఎంత బరువు వేయాలో డాక్టరు చెప్పినట్లే చేయాలి. మినిస్కస్‌కు కూడా కుట్లు వేసి ఉంటే ఈ లెక్క మారుతుంది.

చంక కర్రలతో మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు వేయాలి. డాక్టరు అనుమతించేవరకు గొంతుకూర్చోవడం, బాసిపట్లు వేసుకోవడం వద్దు. కుర్చీలాంటి మరుగుదొడ్డి ఏర్పాటు చేయండి. నూనె మర్దనలు, నాటుకట్లు చేయించవద్దు.

వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

జ్వరం, గాయం నుండి చీము, పిక్కలో నొప్పితో కూడిన వాపు, ఉన్నట్టుండి ఆయాసం లేదా ఛాతీనొప్పి. పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. తెల్లవారేదాకా ఆగవద్దు.

నొప్పి తగ్గాక మరింత జాగ్రత్త

సుమారు 6 నుండి 12 వారాల మధ్య నొప్పి తగ్గి, రోగి హుషారుగా తిరుగుతాడు. కాని అమర్చిన స్నాయువులోకి కొత్త రక్తనాళాలు పెరిగి అది లిగమెంటుగా మారే ఈ సమయంలోనే అది చాలా బలహీనంగా ఉంటుంది. ఒక్కసారి కాలు జారినా తెగిపోవచ్చు. పరుగెత్తడం డాక్టరు చెప్పాకే. ఆటలకు కనీసం 9 నెలలు ఆగాలి.

"బాగానే ఉన్నాను కదా" అని మీవాడు అన్నప్పుడు, ఓపికగా "ఇంకా కొన్నాళ్లు" అని చెప్పవలసింది మీరే.