మ్యాచ్ ఫొటో తీసింది మీరే... మరి అమ్ముకోవచ్చా?

పోయిన ఎపిసోడ్ చూసి చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, మా ఊరి టోర్నమెంట్‌లో సూపర్ ఫొటోలు తీశా. అమ్ముకుంటే ఏమన్నా ప్రాబ్లమా?" ముందు నాకు జరిగింది చెప్తా, తర్వాత చట్టం సంగతి చూద్దాం.

కొన్నేళ్ల కింద సంక్రాంతికి మా దగ్గర కబడ్డీ పోటీలు పెట్టారు. కూతకెళ్లిన ఒక కుర్రాడు ముగ్గురిని ఈడ్చుకుంటూ వచ్చి మధ్య గీత తాకాడు. ఆ క్షణం నా ఫోన్‌లో పడింది. ఒక జిమ్ ఆయన చూసి రెండు వేలిచ్చి కొనుక్కున్నాడు. నేను ఫుల్ హ్యాపీ. వారం తిరక్కుండా సెంటర్‌లో ఫ్లెక్సీ లేచింది: "మా జిమ్‌లో చేరండి, ఇలా తయారవ్వండి!" ఆ కుర్రాడు ఆ జిమ్ గడప కూడా తొక్కలేదు. వాళ్ల నాన్న ఫోన్ చేసి, "మావాడి బొమ్మ అమ్ముకోమని నీకెవరు చెప్పారు బాబూ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. డబ్బు వాపస్ ఇచ్చి, బతిమాలి ఫ్లెక్సీ దించేయించా.

ఫొటో నాదే కదా, మరి తప్పెక్కడ జరిగింది? అసలు విషయం ఏంటంటే, ఒక్క ఫొటోలో మూడు లెక్కలుంటాయి. ఫొటో ఎవరిది? మైదానం ఎవరిది? ముఖం ఎవరిది? మొదటిది మీదైనంత మాత్రాన మిగతా రెండూ మీవి అయిపోవు.

మొదటిది, ఫొటో. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఫొటోకి కర్త దాన్ని తీసిన మనిషి. ఫోన్‌తో తీసినా, పెద్ద కెమెరాతో తీసినా ఒకటే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, క్లిక్ కొట్టగానే హక్కు వచ్చేస్తుంది. ఇన్‌స్టాలో పెట్టినంత మాత్రాన పోదు కూడా.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. నిర్వాహకులు "మూడు వేలిస్తాం, వచ్చి ఫొటోలు తియ్" అన్నారనుకోండి. సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లే ఆ ఫొటోలకి మొదటి ఓనర్లు. అలా కాకూడదంటే ముందే ఒప్పందం ఉండాలి. కాబట్టి పని ఒప్పుకునేటప్పుడే "కాపీరైట్ నాది, మీరు ఫలానా వాటికి వాడుకోవచ్చు" అని రాసుకోండి. నోటి మాట నమ్ముకోవద్దు. హక్కులు రాసిచ్చినా, వాడుకోమని లైసెన్స్ ఇచ్చినా కాగితం మీదే ఉండాలని చట్టం అంటోంది. ఇంకో పాయింట్: హక్కులు రాసిచ్చే కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకి అని, ఎక్కడెక్కడ అనేది రాయకపోతే ఇండియా వరకే అని లెక్క.

ఇంకొంతమంది టీవీలోనో యాప్‌లోనో మ్యాచ్ చూస్తూ స్క్రీన్‌షాట్ కొట్టి పోస్టర్లు వేసి అమ్ముతుంటారు. అది మీ ఫొటో కాదు బ్రదర్. ప్రసారం చేసే సంస్థకి ఆ ప్రసారం మీద 25 ఏళ్ల పాటు ప్రత్యేక హక్కు ఉంటుంది.

రెండోది, మైదానం. ఉప్పల్ స్టేడియంకో, వైజాగ్ మ్యాచ్‌కో టికెట్ కొన్నారు. టికెట్ వెనకో, బుకింగ్ పేజీలోనో చిన్న అక్షరాల్లో షరతులుంటాయి. ఎవరూ చదవరు! పెద్ద మ్యాచ్‌లకి సాధారణంగా "ఫొటోలు సొంత వాడకానికే, వ్యాపారానికి కుదరదు" అని ఉంటుంది. పెద్ద లెన్స్ ఉన్న కెమెరాలు గేటు దగ్గరే ఆపేస్తారు. టికెట్ కొన్నారంటే ఆ షరతులకి ఒప్పుకున్నట్టే లెక్కేస్తారు. ఇది పెద్ద ఏజెన్సీలకీ తప్పలేదు. 2012లో ఇంగ్లండ్ టెస్ట్ సిరీస్‌కి బీసీసీఐ గెట్టీ ఇమేజెస్ లాంటి ఫొటో ఏజెన్సీలని లోపలికి రానివ్వలేదు. దానికి నిరసనగా రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ కూడా ఫొటో కవరేజీ ఆపేశాయి. మరి ఊళ్లో స్కూల్ గ్రౌండ్ అయితే? టికెట్ లేకపోయినా నిర్వాహకులని ఒక్క మాట అడిగి, వాట్సాప్‌లో అయినా సరే "ఓకే" అనిపించుకోండి.

మూడోది, ముఖం. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒకరి పేరు గానీ రూపం గానీ వాళ్ల అనుమతి లేకుండా ప్రకటనకి వాడితే అది ప్రైవసీ ఉల్లంఘన అని 1994లోనే రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2003లో ఐసీసీ వేసిన ఒక కేసులో ఢిల్లీ హైకోర్టు, ఇలాంటి పబ్లిసిటీ హక్కు మనుషులకే ఉంటుంది, ఈవెంట్‌కి ఉండదు అంది. అంటే స్టార్ క్రికెటర్ అయినా, మన ఊరి కుర్రాడైనా, ఆ ముఖం వాళ్లదే.

అందుకే ఎవరికి అమ్ముతున్నాం అనేది చాలా ముఖ్యం. అదే కబడ్డీ ఫొటోని పేపర్‌కి పోటీల వార్త కోసం ఇస్తే పెద్దగా ఇబ్బంది రాదు. ఆ కుర్రాడికే ప్రింట్ తీసి అమ్మితే వాళ్లింట్లో సంతోషిస్తారు. జిమ్ ఫ్లెక్సీకి, టీషర్ట్‌కి, యాడ్‌కి అయితే మాత్రం ఆటగాడి సంతకం కావాలి. దీన్నే మోడల్ రిలీజ్ అంటారు. 18 ఏళ్లు నిండకపోతే తల్లో తండ్రో సంతకం పెట్టాలి. షటర్‌స్టాక్ లాంటి సైట్లు కూడా, రిలీజ్ లేని మ్యాచ్ ఫొటోలని తీసుకుంటే "ఎడిటోరియల్" కిందే తీసుకుంటాయి, అంటే యాడ్స్‌కి వాడకూడదు. జెర్సీ మీద టీమ్ లోగో ఉంటే ట్రేడ్‌మార్క్ గొడవ ఇంకోటి.

చివరగా ఒక చిన్న జాగ్రత్త. ఒరిజినల్ ఫైల్ ఎప్పుడూ డిలీట్ చేయొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన కాపీలో తేదీ, ఫోన్ వివరాలు పోతాయి. రేపు ఎవరైనా మీ ఫొటో కొట్టేస్తే, "తీసింది నేనే" అని చూపించడానికి ఆ ఒరిజినలే సాక్ష్యం. పెద్ద డీల్ అయితే మాత్రం ఒకసారి లాయర్‌కి చూపించుకోండి.

ఇంతకీ ఆ కుర్రాడి సంగతి చెప్పలేదు కదా. ఫ్లెక్సీ దించిన రోజు నేనే వాళ్లింటికెళ్లి సారీ చెప్పి, ఒక ప్రింట్ ఇచ్చా. వాళ్ల నాన్న దాన్ని చాలాసేపు చూసి, "ముందే అడిగుంటే మేమే ఒప్పుకునేవాళ్లం కదయ్యా" అన్నారు. అంతే ఫ్రెండ్స్, అమ్మే ముందు అడగండి. మీ డౌట్లు కామెంట్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.