విరిగిన ముక్క చెప్పే మాట

పిల్లలూ! తెనాలి పక్కనే నందివెలుగు అనే ఊరున్నది. ఆ ఊళ్ళో ఒక ఇల్లు ఉన్నదనుకోండి. ఇంట్లో ఒక అమ్మమ్మ, వేసవి సెలవులకు వచ్చిన మనవడు ఉన్నారు. ఒకే వారంలో వాళ్ళ వంటింట్లో మూడు వస్తువులు మొరాయించాయి. ఫ్రిజ్‌లో అర ఒక పక్కకు ఒరిగి, పాలగిన్నె బోల్తా పడింది. మిక్సీ మోటారు గిర్రున తిరుగుతున్నది గాని, జారులో మినప్పప్పు కదలటం లేదు. కుక్కరు కూత పెట్టటానికి బదులు, మూత మీద మరో చోటి నుంచి బుస్సుమని ఆవిరి వదిలేసింది.

ఇంటికి వచ్చినవాళ్ళు తలా ఒక సలహా చెప్పారు.

"ఫ్రిజ్ గోడకు రెండు మేకులు కొట్టి, అర వాటి మీద ఆనించండి."

"మిక్సీకి ఇనప పళ్ళ చక్రం వేయించండి. ఇక జన్మలో విరగదు."

"కుక్కరు మూతకు పడ్డ బెజ్జంలో ఒక బోల్టు బిగించెయ్యండి."

వినటానికి మూడూ బాగానే ఉన్నాయి. కాని మూడూ తప్పే! మూడోదైతే ప్రాణం మీదికి తెచ్చేది కూడాను.

ఎందుకు తప్పో తెలుసా? ఏ వస్తువునైనా బాగుచెయ్యబోయే ముందు, "ఈ భాగం ఇట్లా ఎందుకున్నది?" అని అడగాలి. అది అడగకుండా చేసే మరమ్మతు, రోగం తెలియకుండా ఇచ్చే మందులాంటిది.

మొదట అర సంగతి చూద్దాం. అరను బయటికి తీసి చదునైన గచ్చు మీద పెట్టండి. అక్కడ కూడా అది ఊగితే, అర వంగిందన్నమాట. ఊగకుండా నిలిస్తే తప్పు అరది కాదు. ఫ్రిజ్ లోపల దాన్ని మోసే గట్టుది. అమ్మమ్మగారింట్లో జరిగింది ఇదే. నిండు బిందెలాంటి బరువు ఒకే మూల పెట్టటం వల్ల గట్టు పగిలింది. అట్లాంటప్పుడు గోడకు మేకు కొట్టకూడదు. చాలా ఫ్రిజ్‌లలో ఆ పల్చని గోడ వెనకనే చల్లదనాన్ని ఇచ్చే వాయువు ప్రవహించే గొట్టాలుంటాయి. మేకు గొట్టంలో దిగితే వాయువు కాస్తా పోయి, ఫ్రిజ్ చల్లబడటం మానేస్తుంది. అందుచేత ఆ అరను మరో గట్టు మీదికి మార్చి, బరువును కింద పెట్టుకోవటం మేలు.

తీగల అరకు అన్ని సందులు ఎందుకో ఆలోచించారా? ఇనుము మిగిల్చటానికి కాదు. పైన ఐసు గది ఉండే మామూలు ఫ్రిజ్‌లో, చల్లని గాలి బరువెక్కి ఆ సందుల గుండా కిందికి దిగుతుంది. గాజు అర అయినా ఎక్కడో ఒక పక్క గాలికి దారి ఉంచుతారు. అర మీద అట్టలూ కాగితాలూ పరిచారా, ఆ దారి మూసినట్టే! పైన పాలు గడ్డకడతాయి, కింద కూరలు వాడిపోతాయి.

తీగల మీద తెల్లని ప్లాస్టిక్కు పూత కూడా అందానికి కాదు. పూత ఒక్క చోట చిట్లితే చాలు, తేమ లోపలికి దూరి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు కొనల వరకే ఉంటే, అరను ఆరబెట్టి, ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, తుప్పు పట్టనివ్వని రంగు వెయ్యవచ్చు. రంగు పూర్తిగా ఆరి, వాసన పోయాకనే లోపల పెట్టాలి. పూత పొడుగునా ఊడిపోతే మాత్రం అరను మార్చటమే మంచిది. ఇంకొక మాట. అప్పుడే తీసిన గాజు అర మీద వేడినీళ్ళు పొయ్యకండి; పగిలిపోతుంది.

ఇక మిక్సీ. జారు అడుగున, మోటారు నెత్తిన పళ్ళున్న చిన్న చక్రాలుంటాయి. వాటిని కప్లర్లు అంటారు. ఒకటి తిరిగి రెండోదాన్ని తిప్పుతుంది. వాటిలో ఒకదాన్నయినా రబ్బరుతోనో ప్లాస్టిక్కుతోనో చేస్తారు. ఎందుకు? జారులో బ్లేడు బిగుసుకుపోతే మోటారు తిరగలేక వేడెక్కి కాలిపోతుంది. అప్పుడు మెత్తని పళ్ళు అరిగి, జారును మోటారు నుంచి విడదీస్తాయి. కొద్ది ఖరీదు చేసే ముక్క తాను విరిగి, ఎంతో ఖరీదైన మోటారును కాపాడుతుందన్నమాట! అక్కడ ఇనప చక్రం వేస్తే చక్రం విరగదు, మోటారే పోతుంది.

అయితే కొత్త కప్లరు వెయ్యగానే పని పూర్తి కాలేదు. ప్లగ్గు పీకేసి, జారును విడిగా తీసి, బ్లేడును చెంచా కాడతో తిప్పి చూడాలి. వేలితో వద్దు సుమా! బ్లేడు తేలిగ్గా తిరిగితే సరే. బిగుసుకుని ఉంటే, ముందు దాన్ని బాగుచేయించాలి. లేకపోతే కొత్త కప్లరు కూడా రేపే విరుగుతుంది. ఒకవేళ మోటారే తిరగకపోతే, మిక్సీ అడుగున చిన్న మీట ఉన్నదేమో చూడండి. పప్పు ఎక్కువై మోటారు వేడెక్కినప్పుడు ఆ మీట కరెంటు ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి, పప్పు తగ్గించి, మీట నొక్కితే చాలు. మిక్సీ లోపలి తీగలను మాత్రం పెద్దవాళ్ళు కూడా తెలిసినవారి చేతే విప్పించాలి.

చివరకు కుక్కరు. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లండనులో, మూత బిగించి వండే పాత్ర తయారుచేశాడు. అందులో ఎముకలు సైతం మెత్తబడేవి. ఆవిరి ఒత్తిడి మితిమీరితే పాత్ర పేలుతుందని ఆయన గ్రహించి, బరువుతో పనిచేసే కవాటం అమర్చాడు. మన కుక్కరు మీది వెయిటు ఆ కవాటానికి మనవరాలే! కుక్కరు లోపల ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి దాదాపు రెట్టింపు. అందువల్లనే 100 డిగ్రీల దగ్గర మరగవలసిన నీరు అందులో సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కి, పప్పు త్వరగా ఉడుకుతుంది.

వెయిటు కింది గొట్టం మూసుకుపోతే, లేదా నీళ్ళు ఇంకిపోతే, లోపల వేడి మితిమీరుతుంది. అప్పుడు మూతలో ఉన్న సేఫ్టీ వాల్వు ఆదుకుంటుంది. చాలా కుక్కర్లలో దాని నడిమి ముక్క త్వరగా కరిగే లోహంతో చేస్తారు. అది కరిగి, ఆవిరికి దారి ఇస్తుంది. ఆ బెజ్జంలో బోల్టు బిగించటం అంటే, కుక్కరును బాంబుగా మార్చటమే!

అమ్మమ్మ బోల్టు పక్కన పెట్టి, "ఒరే అబ్బాయ్, ఆ మూత ఇటు తీసుకురా," అన్నది. వెయిటు తీసి, మూతను కిటికీ కేసి ఎత్తి, గొట్టంలో నుంచి చూసింది. "వెలుగు కనపడటం లేదురా!" గొట్టంలో ఒక పప్పు బద్ద ఇరుక్కుని ఉన్నది. మనవడు పిన్నీసుతో దాన్ని తోసి, నీళ్ళతో కడిగి మళ్ళీ చూశాడు. "అమ్మమ్మా, ఇప్పుడు కనపడుతున్నది!" అని కేక వేశాడు. ఆ తరువాత తెనాలి వెళ్ళి, ఆ కుక్కరుకు సరిపడే అసలు వాల్వు తెచ్చి బిగించారు.

మరి మార్చేసిన ఇనప ముక్కలు ఏం చెయ్యాలి? పారెయ్యకండి, పాత ఇనుము కొనేవారికి ఇవ్వండి. తెనాలిలోనే శిల్పి కాటూరి వెంకటేశ్వరరావుగారూ, ఆయన కుమారుడు రవిచంద్రా పాత నట్లూ బోల్టులూ అతికించి మనిషిని మించిన ఎత్తు విగ్రహాలు చేశారు. పనికిరాదనుకున్న ముక్కకు కూడా ఒక పని ఉంటుంది.

ఈ ఆదివారం మీ కుక్కరు మూతను అమ్మ చేతికిచ్చి, వెలుగు కనపడుతున్నదో లేదో ఇద్దరూ కలిసి చూడండి.