పాత పేరు, కొత్త సాక్ష్యం

వర్గీకరణ అనే మాటను సాహిత్య విమర్శలో మనం ధారాళంగా వాడుతుంటాం. భావకవి, అభ్యుదయకవి, దిగంబరకవి అంటూ చీటీలు అంటిస్తాం. ఈ పనినే వృత్తిగా చేపట్టిన జీవశాస్త్రం దాన్ని ఎలా నిర్వహిస్తుందో తెలుసుకోవడం విమర్శకులకు ఉపయోగమని నా ఉద్దేశం. అందుకు దక్షిణాదిలోని అంతగా తెలియని ఒక కప్ప కథ చాలు.

1876లో ఆల్బర్ట్ గుంథర్ ఆ కప్పకు ‘బుఫో హోలోలియస్’ అని పేరు పెట్టాడు. ఆయన జర్మనీలో పుట్టి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన శాస్త్రవేత్త. వలస భారతం నుండి అక్కడికి చేరిన నమూనాయే ఆయనకు ఆధారం. గ్రీకు మూలాన్ని బట్టి ‘హోలోలియస్’ అంటే పూర్తిగా నున్ననిదని అర్థం. దొరికిన చోటు ‘మలబార్’ అని నమోదైంది. దానితో ఇంగ్లీషులో ‘మలబార్ టోడ్’ అన్న పేరు స్థిరపడింది. తీరా తర్వాతి కాలంలో ఆ కప్ప ఎక్కువగా కనిపించింది ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడుల్లోని పొడి రాతినేలల్లో!

మరి శాస్త్రనామం మార్చారా? లేదు. సక్రమంగా మొదట ప్రచురితమైన పేరుకే ప్రాధాన్యమని జంతు నామకరణ నియమావళి చెబుతుంది. అర్థం పొసగలేదన్న కారణంతో పేరును తీసివేయడానికి వీల్లేదు. మారింది బంధుత్వాల గురించిన అవగాహన. ప్రపంచంలోని టోడ్లలో అధికభాగాన్ని ఒకప్పుడు ‘బుఫో’ అనే ఒకే ప్రజాతిలో చేర్చేవారు. 2006లో డారెల్ ఫ్రాస్ట్, ఆయన సహశోధకులు జన్యు సాక్ష్యాల ఆధారంగా దాన్ని విడదీశారు. అలా ఏర్పడిన ప్రజాతుల్లో ఒకదానికి భారతీయ శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరిట ‘డట్టాఫ్రైనస్’ అని పేరు పెట్టారు. మన కప్ప ఇప్పుడు డట్టాఫ్రైనస్ హోలోలియస్. ఇంటిపేరు మారింది, సొంతపేరు నిలిచింది. ఆ మార్పుకు గుర్తుగా గుంథర్ పేరును బ్రాకెట్లలో రాస్తారు.

శాస్త్రజ్ఞుడికి పేరు చిరునామా లాంటిది. ‘మలబార్’ అని రాసి ఉంది కదా అని ఆంధ్ర బండల మీది కప్పను అతను కాదనడు. మనకు పేరే తీర్పయింది. విద్యార్థి దశలో నేనూ కొందరిని భావకవులన్న చీటీతోనే చదివాను. వారి పద్యాల్లో పేదవాడు ఎదురైతే, అది వారి అసలు ధోరణి కాదని దాటేశాను. చీటీని కాపాడుకోవడానికి కవిత్వాన్ని వదులుకున్నాను.

పాత పేర్లు ఉంటే ఉండనిద్దాం. సాక్ష్యం దొరికినప్పుడు మన అంచనాను మార్చుకుంటున్నామా అన్నదే ప్రశ్న. వ్యాసం రాసే ముందు పుస్తకాన్ని మరోసారి తెరవాలి. విమర్శకుడి క్షేత్రపరిశీలన అదే.